గోడకి యాభై

సెమిలిగూడలో మా గది అద్దె ఎనిమిది వందలు.
గోడకి ఇంకో యాభై.

అవును, గోడకే.
ఆ పక్క లింగరాజ్ సాహు బేకరీ,
రాత్రి రెండింటికి బట్టీ రాజేస్తాడు.
ఈ పక్క మేము
వీపులు ఆనించుకుని పడుకుంటాం.
అతని రొట్టె పొంగే వేళకి
మా ఇటుకలు మెల్లగా వెచ్చబడతాయి,
జ్వరం మొదలయ్యే నుదురులా.

ముందుగా తెలిసేది పిల్లికి.
అది ఎక్కడ ముడుచుకుంటే
మా మంచం అక్కడికి జరుగుతుంది.

గదంటే ఎంత?
కుట్టు మిషను, మంచం, పొయ్యి,
వాటిని దాటితే తలుపు.
చీర మడత పెట్టాలంటే
సగం చీర వీధిలో ఉంటుంది.
చిన్న గది, ఇట్టే వేడెక్కిపోద్ది కదే, అంటుంది
సాలూరులో మా అక్క.
ఇట్టే చల్లారిపోయేదీ అదేనని
ఘాటీ ఎక్కినవాళ్లకే తెలుస్తుంది.

పుష్యమాసంలో రేకు లోపలివైపు చెమట పడుతుంది.
మేం వదిలిన ఊపిరే
తెల్లారేసరికి చుక్కలై మా ముఖాల మీద రాలుతుంది.
రేకుకీ గోడకీ నడుమ కాగితాలు కుక్కాను,
ఇటు తెలుగు పేపరు, అటు ఒడియా పేపరు.
గాలి రెండూ చదువుకుని మరీ లోపలికొస్తుంది.

తలుపు కింద సందు మాత్రం మూయను.
వేలెడు సందు.
మొదటి ఏడాది కుంపటి పెట్టుకుని అన్నీ బిగించేశాం.
అర్ధరాత్రి పైడయ్య లేవబోయి గోడకి కొట్టుకున్నాడు.
నాకు నా పేరు గుర్తు రాలేదు.
పాక్కుంటూ వెళ్లి గడియ తీశాను.
ఆ చలిగాలి అంత తియ్యగా
మా ఊరి చెరకు కూడా ఉండదు.

అప్పట్నుంచి కుంపటి వాకిట్లోనే.
లోపలికొచ్చేది బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఒక్కటే,
అదీ తలుపు బార్లా తీసి ఉంచి.
పడుకునే ముందు పక్కంతా ఇస్త్రీ చేస్తాను,
దిండు, ఆయన స్వెట్టరు, మేజోళ్లతో సహా.
బొంత నిండా గిరాకీల ముక్కలే.
ఆకుపచ్చది పోస్టుమాస్టరు గారి భార్యది,
పూలది ఎవరిదో మరిచిపోయాను.
ఊళ్లో ఆడవాళ్లందరి జాకెట్లూ
తలా కాస్త కప్పుకుని నిద్రపోతాం.

మంగళవారం బేకరీ సెలవు.
ఆ రాత్రి గోడ ఉత్త గోడే.

పోయిన మంగళవారం, ఆయనకి దమన్‌జోడిలో రాత్రి డ్యూటీ.
బుద్రి తలుపు కొట్టింది,
సంతకి కూరలు తెచ్చే బుట్టలో మనవరాలు.
పుట్టి తొమ్మిది రోజులు,
పెద్ద ముల్లంగికన్నా కాస్త బరువు.
తల్లి ఇంకా కోరాపుట్ ఆసుపత్రిలోనే.
"జాడ" అంది బుద్రి.
వాళ్ల మాటలో చలి.
మన మాటలో ఆచూకీ.
ఆ రాత్రి రెండూ ఒకటే,
ఆ పిల్లని వెతుక్కుంటూ వచ్చింది.

ఇస్త్రీ పెట్టె మళ్లీ నింపాను.
పాత పంచె కాచి, నా చెంపకి ఆనించి చూసి,
బుద్రి గుండెల మీద పిల్లని పెట్టి చుట్టాను.
మంచం వాళ్లది.
నేను మిషను ముందు కూర్చుని
దారం లేకుండా తొక్కుతూ ఉన్నాను,
కాళ్లయినా వేడిగా ఉంటాయని.
ఏమీ కుట్టని ఆ చప్పుడుకి
పిల్ల ఏడుపు మాని పడుకుంది.

రోజంతా చల్లారిన బట్టీ కదా,
రెండింటికి రాజేసినా
గోడదాకా రావడానికి నాలుగైంది.
పిల్లి లేచింది, ఒళ్లు విరుచుకుంది,
గోడవారకి నడిచింది.
మంచం ఆ పక్కకి జరిపాను.
అప్పటికి బుధవారం.
బుద్రి పుట్టిందీ బుధవారమేనట,
పేరు అందుకే. నవ్వుతూ చెప్పింది.

ఒకటో తారీఖున ఇంటాయన వచ్చాడు.
నెలకి నాలుగు మంగళవారాలు,
గోడ లెక్కలో ఏడు రూపాయలు తగ్గించమన్నాను.
వేళ్ల మీద లెక్కేసుకున్నాడు,
లెక్క సరిపోయింది,
యాభై మొత్తమే తీసుకున్నాడు.
నోట్లు జేబులో పెట్టుకున్న చెయ్యి
గోడకి ఆనించి
ఊరికే అలా నిలబడిపోయాడు.

తలుపు తీసే ఉంది.
వేడంతా పోతోంది.
నేనేమీ అనలేదు.